ధాత కరువు: అన్నార్తుని యోగ్యతా విచారము

తెలుగునాట కరువులను సంవత్సరముల పేళ్లతో చెప్పుకొనుట చిరకాలముగా వచ్చుచున్న వాడుక. 1832-33 నాటి గుంటూరు కరువు నందన కరువైనది. 1876లో మొదలై 1878 వరకు దక్షిణదేశమును దహించిన మహాక్షామము, ధాత నామ సంవత్సరమున ఆరంభమైనది గనుక, ధాత కరువైనది. ప్రజలు ఇట్లు కాలమునకు పేరు పెట్టిరి. ప్రభుత్వపు కాగితములు మాత్రము మనుష్యులకు పేళ్లు పెట్టెను. పని చేయగలవాడు, పని చేయలేనివాడు. నిజమైన అన్నార్తుడు, అన్నార్తుడుగా నటించువాడు. సహాయమునకు అర్హుడు, అనర్హుడు - ఇట్టి విభాగములు ఆనాటి రికార్డులలో అడుగడుగునను కానవచ్చును. ఈ రెండవ నామకరణమే ఈ వ్యాసమునకు విషయము.

ధాత కరువును గూర్చి వ్రాసినవారు వర్షాభావమును, ధాన్యపు ధరలను, ఎగుమతులను, రైలుమార్గములను విశేషముగా చర్చించియున్నారు. అవి యన్నియు అవశ్యము చర్చింపదగినవే. కాని బాధితుడు ఎదుటికి వచ్చి నిలిచినప్పుడు చూచువాని మనస్సున ముందుగా పుట్టిన అభిప్రాయమెట్టిది, ఆ అభిప్రాయము అన్నపు కొలతగా ఎట్లు మారినది అను ప్రశ్నకు తగినంత విచారణ జరుగలేదని నా యభిప్రాయము. జాతిని గూర్చియు, వర్గమును గూర్చియు, కులమును గూర్చియు ఏర్పడియున్న దురభిప్రాయములు మూడు వేరువేరు తావులనుండి బయలుదేరి ఒక్క ప్రశ్నయొద్ద కలిసికొన్నవి. 'వీడు నిజముగా ఆకలిగొన్నవాడేనా?' అనునదే ఆ ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకై గడచిన కాలమే వేలకొలది ప్రాణములను హరించినదని చూపుట ఈ వ్యాసోద్దేశము.

1. కరువు స్వరూపము

1876లో నైరృతి ఋతుపవనము విఫలమయ్యెను. వెనువెంట రావలసిన ఈశాన్య ఋతుపవనమును ఆదుకొనలేదు. మరుసటి యేడు వేసవి దాటిన పిమ్మటను వానలు సకాలమున రాలేదు. మద్రాసు రాజధానిలోని బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మొదలైన జిల్లాలును, మైసూరు సంస్థానమును, హైదరాబాదు సంస్థానమున కొంత భాగమును, బొంబాయి రాజధానిలోని దక్కను జిల్లాలును కరువు వాతబడెను. అనంతపుర ప్రాంతము అప్పటికి బళ్లారి జిల్లాలోనిదే. ప్రత్యేక జిల్లాగా అది 1882లో ఏర్పడినది.

మృతుల సంఖ్యను గూర్చి ఏకాభిప్రాయము లేదు. మిక్కిలి తక్కువగా లెక్కించినవారి అంచనా సైతము అర్ధకోటిని మించుచున్నది. ఇటీవలి జనాభా శాస్త్రజ్ఞుల లెక్క 80 లక్షలను దాటుచున్నది. కర్నూలు జిల్లాలో 1871, 1881 జనాభా లెక్కల నడుమ జనసంఖ్య సుమారు నాల్గవవంతు తగ్గిపోయెను. సామాన్యముగా పెరుగవలసిన సంఖ్య నాల్గవవంతు తగ్గుట యనగా ఎట్టి విపత్తో ఊహించుకొనవచ్చును. మరణించినవారు చాలవరకు కూలినాలి జనము, నేతగాండ్రు, వెట్టిపనివారు, సన్నకారు రైతులు. అంగడిలో ధాన్యముండియు కొనుటకు శక్తి లేక చనిపోయినవారు వీరు.

అదే కాలమున గోదావరి, కృష్ణా డెల్టాలు ఆనకట్టల మూలమున నిలిచినవి. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను ముగిసినవి. సర్ ఆర్థర్ కాటన్ ఈ భేదమును చూపియే రైలుమార్గముల కంటె కాలువలు ముఖ్యమని ఇంగ్లండులో వాదించెను. ఆయన వాదముతో నిచ్చట మనకు నిమిత్తము లేదు. కాని యొక విషయము గుర్తింపదగినది. ఒకే భాష మాటాడుచు, ఒకే పండుగలు చేసికొనుచు, ఒకే తీరున సేద్యము చేయు ప్రజలలో డెల్టావాడు బ్రదికెను, మెట్టవాడు మరణించెను. వీరిద్దరికిని నడుమనున్న భేదము నీటి భేదమే కాని స్వభావ భేదము కాదు. అయినను ఆనాటి అధికారులు పెక్కుమంది కరువు కారణమును మెట్టవాని స్వభావమునందు వెదకిరి.

2. అభిప్రాయమునకు మూలము

ఈ వెదకులాట హిందూదేశమున పుట్టినది కాదు. 1834లో ఇంగ్లండున దరిద్రుల చట్టమును సవరించిరి. సహాయము పొందువాని స్థితి, స్వయముగా బ్రదుకు కడపటి కూలివాని స్థితికంటె హీనముగా ఉండవలెననునది ఆ సవరణకు మూలసూత్రము. అట్లు కానిచో జనులు పని మాని సహాయముపై ఆధారపడుదురని వారు తలంచిరి. దారిద్ర్యము గుణదోషమువలన గలుగునది, దయ ఆ దోషమును పెంచును అనునది ఆ సూత్రమునకు వెనుకనున్న నమ్మకము. ఇది ఇంగ్లీషువారు తమ దేశపు పేదలను గూర్చియే ఏర్పరచుకొన్న భావమని మనము మరువరాదు.

1845లో ఐర్లండున బంగాళాదుంప పైరుకు తెగులు సోకి కరువు వచ్చినప్పుడు, వర్గమును గూర్చిన ఈ భావమునకు జాతిని గూర్చిన భావము తోడయ్యెను. ఐరిష్ వాడు పేదవాడు మాత్రమే కాదు, పరజాతివాడు, పరమతస్థుడు; సోమరి యని ఇంగ్లీషు పత్రికల హాస్యచిత్రములలో వానికి స్థిరమైన రూపమేర్పడెను. ఆ కరువున సుమారు పది లక్షల మంది మరణించిరి. ఇంచుమించు అంతే సంఖ్యలో దేశమును విడిచిపోయిరి. సహాయకార్యముల వ్యయమును నియమించు అధికారమున నున్న చార్లెస్ ట్రెవెల్యన్, 1848లో ప్రకటించిన గ్రంథమున, ఈ విపత్తు ఐర్లండు సంఘదోషములను సరిదిద్దుటకు దైవమేర్పరచిన ఉపాయమను ధోరణిలో వ్రాసెను. ఈ ట్రెవెల్యనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చెను. మరుసటి యేడు వెనుకకు పిలువబడెను. ఆయన ఇచ్చటి ప్రజలకు కీడు చేసెనని చెప్పుట నా యుద్దేశము కాదు. లండనున, డబ్లినున, మద్రాసున పరిపాలించిన వర్గమొక్కటే. వారు చదివిన అర్థశాస్త్రమొక్కటే. ఒకచోట ఏర్పడిన భావము వారితోపాటు ఓడనెక్కి మరియొకచోటికి వచ్చుట సహజము. ఐర్లండున ఐరిష్ వానిని గూర్చి చెప్పిన మాటలే ముప్పది సంవత్సరములకు పిమ్మట బళ్లారి, కర్నూలు కూలివారిని గూర్చి వినబడెను.

3. బీహారు అనుభవము

ధాత కరువునకు మూడేండ్లకు ముందు, 1873-74లో, బీహారున పంటలు పోయెను. అప్పుడు సహాయకార్యమును నడపినవాడు సర్ రిచర్డ్ టెంపుల్. ఆయన బర్మానుండి సుమారు నాలుగున్నర లక్షల టన్నుల బియ్యము తెప్పించెను. ఉదారముగా పని కల్పించెను. పని చేయలేనివారికి ఉచితముగా అన్నము పెట్టించెను. ఫలితముగా కరువు మరణములు అత్యల్పముగా నుండెను. ఆ శతాబ్దమున ఆంగ్లప్రభుత్వము కరువు నెదుర్కొన్న ఘట్టములలో ఇంతటి విజయము మరియొకటి లేదు.

ఈ విజయమునకు టెంపుల్ పొందిన బహుమానము నింద. జనులు చావలేదు గనుక కరువే లేదనియు, లేని కరువునకు ధనమును వృథా చేసెననియు విమర్శకులనిరి. తమ ప్రాణములను నిలుపుట ప్రభుత్వ ధర్మమని సోమరులైన హిందూదేశస్థులు నమ్మునట్లు చేయుట ప్రమాదమని లండను నగరపు 'ఎకనమిస్టు' పత్రిక ఆక్షేపించెను. ఈ ఆక్షేపణను నిదానముగా పరిశీలింపవలెను. ఇచ్చట ప్రాణములు నిలిచినవా లేదా యనునది ప్రశ్న కాదు. ప్రాణములు నిలుపుటకు ప్రభుత్వము బాధ్యత వహించునని ఒకజాతివారు తెలిసికొనుటయే దోషముగా ఎంచబడినది. టెంపుల్ ఈ పాఠమును బాగుగా నేర్చుకొనెను. నిందను పోగొట్టుకొనవలెనన్న ఆతురత 1877లో ఆయన చేసిన పనులకు ఒక కారణమని చరిత్రకారులు పలువురు అంగీకరించియున్నారు.

4. టెంపుల్ కూలి

1877 జనవరి 1వ తేదీన విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటించుటకై వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో మహాసభ జరిపెను. మద్రాసు గవర్నరు బకింగ్ హాం ప్రభువును దానికి వెళ్లియుండెను. ఆయన ప్రభుత్వము అంతకుముందే ఒక వర్తకసంస్థ ద్వారా 30,000 టన్నుల ధాన్యమును కొని యుంచెను. వర్తకమున ప్రభుత్వము చేయి పెట్టరాదను సిద్ధాంతమునకు విరుద్ధమని హిందూదేశ ప్రభుత్వము దానిని మందలించెను. ఆ జనవరి నెలలోనే టెంపుల్ కరువు ప్రతినిధిగా దక్షిణమునకు పంపబడెను. ఎంత వ్యయమైనను ప్రాణములన్నిటిని కాపాడుట ప్రభుత్వశక్తికి మించిన పని యనునది ఆయనకు చేసిన ఉపదేశపు సారము.

అప్పటికి కరువు పనులపై లక్షలకొలది జనులుండిరి. పర్యవేక్షణ సడలియున్నదనియు, హాజరు పట్టీలలో అక్కరలేని పేళ్లు చేరినవనియు టెంపుల్ చెప్పినదానిలో కొంత నిజము లేకపోలేదు. తొందరలో ప్రారంభించిన పనులలో అట్టి లోపములుండుట సహజము. కాని లోపమును సవరించుట వేరు, లోపమును ప్రజల స్వభావమునకు అంటగట్టుట వేరు. టెంపుల్ పట్టీలనుండి పెద్దసంఖ్యలో జనులను తొలగింపజేసెను. పనిచేయు పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యపు వెలయు, దానిపై ఉప్పు, పప్పు, కట్టెలకై కొద్దిపాటి చిల్లరయు చాలునని నిర్ణయించెను. స్త్రీలకు, బాలురకు అంతకంటెను తక్కువ. చరిత్రలో ఇది 'టెంపుల్ కూలి' యను పేర నిలిచిపోయినది.

కూలి తగ్గించుటతో నిలువక, ఊరికి దూరమున నున్న శిబిరములకు వచ్చి అచ్చటనే నివసించి పనిచేయవలెనను నియమమును పెట్టిరి. నిజముగా ఆకలిగొన్నవాడైనచో ఎంత దూరమైనను నడచివచ్చును, ఎంత తక్కువ కూలికైనను ఒప్పుకొనును, రానివానికి ఆకలి లేదు అనునది ఇందలి తర్కము. ఈ తర్కము వినుటకు సరళముగా నుండును. కాని ఆకలి ముదిరినవాడు నడువలేడు. ఇంటనున్న ముదుసలిని, మిగిలియున్న ఒక్క పశువును, తలుపులేని గుడిసెను విడిచి పది మైళ్ల దూరమున కాపురముండుట యనగా మరల లేచుటకు ఆధారమైన కడపటి వస్తువులను వదలుకొనుట. ఇవి యేవియు ఆ తర్కమున చేరలేదు. రానివారు సోమరితనపు అన్నమునకు అలవాటుపడిరనియు, సులభమైన ఆజ్ఞకు లోబడుటకంటె బాధపడుటకే ఇష్టపడిరనియు టెంపుల్ వ్రాసెను. ఇంటిపై ప్రేమ ఇంగ్లీషువానియందు సద్గుణముగా ఎన్నబడుచుండగా అదే ప్రేమ దక్కను కూలివానియందు మొండితనమైనది.

ఈ నియమములకు ఎదురు లేకపోలేదు. బొంబాయి రాజధానిలో 1877 మొదటి నెలలలో వేలకొలది కూలివారు తగ్గిన కూలికి, దూరపు శిబిరములకు ఒప్పుకొనక పనులు విడిచిపోయిరి. పూనా సార్వజనిక సభ వారి పక్షమున ప్రభుత్వమునకు విన్నపములు పంపెను. ఆకలితో నున్నవారు కూలి విషయమున సమ్మె చేయుట ప్రపంచ చరిత్రలో అరుదైన సంఘటనము. దానిని ఆత్మగౌరవముగా గ్రహింపక, ఆకలి లేదనుటకు నిదర్శనముగా అధికారులు గ్రహించిరి.

5. కార్నిష్ వాదము

మద్రాసు రాజధాని శానిటరీ కమీషనరు డాక్టరు డబ్ల్యు. ఆర్. కార్నిష్ ఒక్కడు ఈ ధోరణికి బలముగా అడ్డు నిలిచెను. 1871 నాటి మద్రాసు జనాభా లెక్కల నివేదికను వ్రాసినవాడు ఇతడే. ప్రజలను లెక్కించినవాడే వారి పక్షమున మాటాడవలసివచ్చుట యాదృచ్ఛికమైనను గమనింపదగినది.

కార్నిష్ దయను గూర్చి మాటాడలేదు. శరీరమును గూర్చి మాటాడెను. కష్టమైన పని చేయువానికి ఒక పౌను ధాన్యము చాలదనుటకు మద్రాసు జైళ్ల అనుభవమును చూపెను. నేరస్థునికి పెట్టు భోజనముకంటె నిరపరాధియైన కూలివాని భోజనము తక్కువయ్యెనని దీని తాత్పర్యము. ధాన్యమొక్కటియే చాలదు, పప్పును కూరగాయలును కావలెనని చెప్పెను. మనుష్యుడు ఒక్క దినమున చావడు గనుక కొరత కంటికి కనబడదనియు, బలము క్రమముగా క్షీణించి కడపట అతిసారముతోనో వాపుతోనో ప్రాణము పోవుననియు హెచ్చరించెను. అట్టి మరణము లెక్కలలో రోగమరణముగా నమోదగును. ఆకలి పేరు ఎచ్చటను కానరాదు.

ఈ వాదమునకు తరువాతి కాలమున మరింత బలము చేకూరినది. ఆనాటి మృతదేహములను పరీక్షించిన డాక్టరు అలెగ్జాండర్ పోర్టరు 1889లో మద్రాసు కరువు రోగములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. దీర్ఘకాలపు ఆకలివలన శరీరమంతయు ఎండి, ప్రేగులు పలుచబడి, అన్నము దొరికినను జీర్ణించుకొను శక్తి లేకపోవుట ఇట్టి పరీక్షలవలన తేలినది. ఈ వ్యాసమునకు ఇది కీలకమైన విషయము. 'నిజముగా ఆకలిగొన్నవాడేనా?' అను పరీక్షలో నెగ్గుటకు మనుష్యుడు ఎముకలు కనబడునంత చిక్కవలెను. అంత చిక్కినవానికి అన్నము పెట్టినను ఫలము సందేహమే. అనగా పరీక్షలో నెగ్గినవానికి సహాయము అందుసరికి ఆ సహాయము నిరుపయోగమగుచుండెను. దురభిప్రాయము మాటగా నుండక మృత్యువునకు కారణమైన విధమిది.

కార్నిష్ వాదము వ్యర్థము కాలేదు. కొన్ని నెలలలోనే మద్రాసు ప్రభుత్వము కూలిని కొంత పెంచెను. భోజనమున పప్పును చేర్చెను. ఆయన కోరినంత పెంపు కాకపోయినను, శీలపరీక్షపై శరీర ప్రమాణము సాధించిన విజయముగా దీనిని గ్రహింపవచ్చును. కాని ఈలోపల గడచిన నెలలు 1877లోని మండువేసవి నెలలు.

6. దాతలు, చిత్రములు

పాలకజాతివారందరును ఒకే తీరున ఆలోచించిరని చెప్పుట సత్యదూరము. 1877 ఆగస్టులో మద్రాసు నగర ప్రముఖులు లండనుకు విన్నపము పంపగా అచ్చటి మేయరు మాన్షన్ హౌసు నిధిని తెరచెను. ఇంగ్లండులోను, వలసదేశములలోను సామాన్యజనులు సైతము చందాలిచ్చిరి. 'మద్రాసు టైమ్సు' సంపాదకుడైన విలియం డిగ్బీ ఆ నిధి కార్యదర్శిగా పనిచేసి, 1878లో ఈ కరువు చరిత్రను రెండు సంపుటములుగా ప్రకటించెను. టెంపుల్ విధానమును అందు తీవ్రముగా విమర్శించెను. ఫ్లారెన్సు నైటింగేలు 1878లో పత్రికాముఖమున హిందూదేశపు రైతు దుస్థితిని ఇంగ్లీషు పాఠకుల ఎదుట పెట్టెను. లిట్టన్ మాత్రము ఇట్టి సానుభూతిని చౌకబారు భావావేశముగా ఎంచెను. నిధి ధనము ప్రభుత్వ సహాయమునకు అడ్డురాకుండ, విత్తనములు, పశువులు, ఇండ్ల కప్పులు, అనాథ బాలుర పోషణ మొదలైన వానికే వినియోగపడవలెనని ఏర్పాటైనది.

దయ కలిగినచోటను చూపు సమానమైనదని చెప్పలేము. సైనికోద్యోగియైన హూపరు అను ఛాయాచిత్రకారుడు మద్రాసు కరువు బాధితులను చిత్రించెను. ఎముకలగూళ్లవలె నున్న స్త్రీ పురుషులను, పిల్లలను వరుసగా కూర్చుండబెట్టి తీసిన ఆ చిత్రములు నేటికిని ప్రసిద్ధములు. అవి ఇంగ్లండులో జాలి పుట్టించినమాట నిజమే. బాధితులను కూర్చుండబెట్టి చిత్రించెనే కాని వారికి సహాయము చేయలేదని ఆయనపై ఆ కాలముననే ఆక్షేపణ వచ్చెను. ఈ హూపరే అంతకుముందు 'పీపుల్ ఆఫ్ ఇండియా' అను బృహత్సంపుటములకు చిత్రములిచ్చినవారిలో ఒకడు. దేశప్రజలను జాతులుగా, కులములుగా విభజించి చూపిన గ్రంథమది. ఆ చిత్రములలోని మనుష్యులకు కులనామమే గాని సొంత పేరు సామాన్యముగా లేదు. కరువు చిత్రములలోను అంతే. బాధితుని దూషించు చూపునకును, జాలిపడు చూపునకును ఎంత భేదమున్నను, పేరు అడుగకపోవుటలో రెండును ఏకమైనవి.

7. ఊరిలోపలి దృష్టి

పరిపాలకుల దోషములను మాత్రమే లెక్కించి మనవారి దోషములను విడిచినచో ఈ పరిశీలన అసంపూర్ణమగును. ఊరిలో సహాయము పొందదగినవారి పేళ్లు వ్రాయుటలో గ్రామాధికారుల మాటకు విలువ యుండెను. కరువు పనులపై మేస్త్రీలు సామాన్యముగా పై కులములవారే. మాల మాదిగలు ఎంత పని చేసినను కొలతలో తక్కువ చూపుటకును, అదలించుటకును అవకాశములు మెండుగా నుండెను. తెల్లదొర దృష్టిలో హిందూదేశస్థులందరును సోమరులు. ఊరిపెద్ద దృష్టిలో మాలపల్లెయు మాదిగపల్లెయు మాత్రమే సోమరులు. ప్రశ్న ఒక్కటే; అది మెట్టు దిగుచు వచ్చెను.

దీనికి ఒంగోలు ప్రాంతపు చరిత్ర మంచి నిదర్శనము. మద్రాసును ఉత్తర జిల్లాలతో కలుపు కాలువ పనులు కరువు పనులుగా సాగుచుండెను. గవర్నరు పేర అది తరువాత బకింగ్ హాం కాలువ యైనది. అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, కాలువపై మాదిగ కూలివారిని మేస్త్రీలు పెట్టు బాధలను విని, సుమారు మూడున్నర మైళ్ల కాలువ త్రవ్వకమును తానే కంట్రాక్టుగా తీసికొనెను. తన మాదిగ ఉపదేశకులనే మేస్త్రీలుగా నియమించెను. తమవారే తమ పనిని కొలుచుట ఆ జనులకు అపూర్వమైన అనుభవము. కరువు కాలమున సుమారు పదునైదు నెలలపాటు ఆయన బాప్తిస్మములు ఆపివేసెను. అన్నముకొరకు మతము మారిరన్న మాట రాకుండుటకై అట్లు చేసెను. సహాయకార్యములు ముగిసిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

అయినను 'బియ్యపు క్రైస్తవులు' అను నింద తప్పలేదు. హిందువులలోనే కాక యూరోపియనులలోను ఆ మాట అన్నవారుండిరి. మతాంతరీకరణముయొక్క యుక్తాయుక్తములు ఇచ్చట చర్చనీయాంశములు కావు. ఆ నింద నిర్మాణమును మాత్రము పరిశీలింపవలెను. దరిద్రుడు అన్నమునకు వచ్చినచో నటించుచున్నాడనిరి; అన్నమునకు రానిచో ఆకలి లేదనిరి; అన్నము ఆగిన పిమ్మట తన విశ్వాసమును తాను నిర్ణయించుకొన్నచో అదియు అన్నముకొరకే యనిరి. వాడేమి చేసినను వానికి కడుపే గాని మనస్సు లేదన్నది సిద్ధాంతము. కరువు బాధితునిపై కులదృష్టి చేసిన పెద్ద అపకారము ఇదియే యని నాకు తోచును.

8. క్షామ కమీషను

1878లో సర్ రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన క్షామ కమీషను నియమింపబడెను. 1880లో నివేదిక సమర్పించెను. దాని ఫలితముగా 1883 మొదలుకొని క్షామ నిబంధనలు ఏర్పడెను. కరువు గుర్తులను ముందుగా కనిపెట్టుట, పనులను సిద్ధపరచియుంచుట, పని చేయలేనివారికి ఊరిలోనే సహాయమిచ్చుట మొదలైన మంచి ఏర్పాటులు అందు కలవు. పిమ్మటి కాలమున అవి ఎన్నో ప్రాణములను కాపాడినవనుట నిర్వివాదము.

కాని పాత ప్రశ్న ఆ నివేదికలోనుండి తొలగిపోలేదు. కరువు కాలమున సహాయము కోరుటకు పేదలకు హక్కు కలదన్నచో, అన్ని కాలములలోను ఆ హక్కు కలదను వాదమునకు దారితీయునని కమీషను శంకించెను. ప్రభుత్వమునకు కర్తవ్యము కలదు గాని ప్రజలకు హక్కు లేదని దీని ఫలితార్థము. సభ్యులలో జేమ్స్ కెయిర్డ్, సల్లివాన్ అనువారు కొన్ని ముఖ్యాంశములలో భిన్నాభిప్రాయము తెలిపిరి; కాని అధికసంఖ్యాకుల మాటయే నిలిచెను. హక్కు లేనిచోట యోగ్యతా విచారణ తప్పదు. ఇచ్చువాని దృష్టియే ప్రమాణమగుటచే, దృష్టిలోని దోషము సహాయములోనికి ప్రవేశింపక మానదు.

9. ఉపసంహారము

ఈ ప్రశ్న ధాత కరువుతో అంతరింపలేదనుటకు ఇటీవలి ఉదాహరణములు రెండు చాలును. 2004 డిసెంబరు సునామీ తరువాత తమిళనాడు తీరమున దళితులను సహాయశిబిరములలో వేరుచేసిరనియు, కొన్నిచోట్ల సహాయము అందనీయలేదనియు మానవహక్కుల సంఘములు నమోదు చేసినవి. 2005లో అమెరికా దేశమున న్యూ ఆర్లియన్సు నగరము తుపానుచే మునిగినప్పుడు, నీటిలో ఆహారము మోసికొనిపోవుచున్నవారి ఛాయాచిత్రములు రెండు వేరువేరు వార్తాసంస్థలనుండి వెలువడెను. నల్లజాతి యువకుని చిత్రము క్రింద 'దోచుకొని' యనియు, తెల్లజాతివారి చిత్రము క్రింద 'దొరకగా' ననియు వ్రాసిరి. ఈ భేదము ఆ కాలముననే గొప్ప చర్చకు కారణమైనది.

ధాత కరువు చరిత్రనుండి మనము గ్రహింపవలసినది పాలకులు క్రూరులన్న మాట మాత్రమే కాదు. టెంపుల్ స్వభావము చేత క్రూరుడు కాడు. బీహారున లక్షల ప్రాణములు నిలిపినవాడు ఆయనయే. బాధితుని శీలమును విచారించుట తన ధర్మమని నమ్మిన క్షణమునుండి ఆయన చేతిలోని కొలపాత్ర చిన్నదయ్యెను. కార్నిష్ మిక్కిలి దయామయుడని చెప్పుటకును ఆధారము అక్కరలేదు. ఆయన శీలము నడుగక దేహమును తూచెను. అంతమాత్రముననే సత్యము ఆయనకు కనబడెను.

జిల్లా రికార్డులను, కైఫీయతులను, మిషనరీ లేఖలను పరిశీలించు మన పరిశోధక విద్యార్థులు అంకెలతోపాటు విశేషణములను సైతము సేకరింపవలెనని నా మనవి. 'సోమరి', 'మొండి', 'అనర్హుడు' అను మాట కనబడినచోట దానిని వ్రాసినవాడెవడు, ఎంత దూరమునుండి చూచి వ్రాసెను, ఆ మాట వ్రాసిన పిమ్మట ఆ ఊరి కూలి ఎంత తగ్గెను అని విచారింపవలెను. ప్రజలు ఆ కరువునకు ధాత యని సంవత్సరము పేరు పెట్టి ఊరకుండిరి. తమలో ఎవరు చావదగినవారో వారు చెప్పలేదు. ఆ మౌనమును కూడ ఒక సాక్ష్యముగా గ్రహించినప్పుడే ఈ చరిత్ర సమగ్రమగును.